ఎర్ర లైటుకీ బేరింగుకీ మధ్య

పాత అంబాసిడర్‌లో ఆయిల్ లైటు వెలిగిందని షెడ్డుకి తీసుకెళ్తే చాలాచోట్ల బానెట్ ఎత్తకముందే ఒక మాట వినిపిస్తుంది: "ఇంజన్ దింపాలండీ." ఆ మాట తేలిక, దాని వెనక ఖర్చు మాత్రం పెద్దది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ ఆ మాటను అన్నిటికన్నా చివర అంటారు, అదీ అనక తప్పనప్పుడే. ఇంజన్ విప్పకుండానే లోపల ఏది అరిగిందో చెప్పగలగడం మెకానిక్ పనిలో అన్నిటికన్నా గొప్ప విద్య అని నా నమ్మకం. అందుకే ఆయన పని నిదానంగా చూడదగ్గది.

ఆయన చేతికి వచ్చేవి ఎక్కువగా 1489 సీసీ పెట్రోలు ఇంజన్లు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బి సిరీస్ ఇది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారుకీ ఇదే 1489 సీసీ ఇంజను, మన ఊళ్లలో కలెక్టర్లనూ పెళ్లికొడుకులనూ మోసిన అంబాసిడర్‌కీ ఇదే. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు మిగిలిన బళ్లలో ఇంజను పాడైతే కొత్తది దొరకదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి.

క్రాంకుకి మూడు మెయిన్ బేరింగులు. నూనె కింద చాంబర్‌లోంచి జాలీ దాటి పంపులోకి, అక్కణ్ణించి ఫిల్టర్‌కి, ఫిల్టర్‌నుంచి బ్లాకు పొడవునా తొలిచిన ప్రధాన రంధ్రంలోకి వెళ్తుంది. అక్కడ మెయిన్ బేరింగులకు, క్రాంకులో తొలిచిన దారుల వెంట కనెక్టింగ్ రాడ్ల కింది చివరలైన బిగ్ ఎండ్లకు, క్యామ్ షాఫ్ట్ బుష్‌లకు పంచుకుపోతుంది. మిగిలింది వెనకవైపునుంచి పైకెక్కి రాకర్ షాఫ్టుకి చేరుతుంది. కృష్ణా కాలువ చివరి భూములెలాగో ఈ ఇంజన్లో రాకర్లు అలాగ. ఎగువన ఎక్కడ గండి పడినా ముందు ఎండేది అవే. బానెట్ ఎత్తగానే మేస్త్రీ ముందు పైన ట్యాపెట్ల చప్పుడు వినేది అందుకే.

ఎర్ర లైటు వెలిగేది నూనె ఒత్తిడి పడిపోయినప్పుడు. ఆ ఒత్తిడి గురించి ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే బండ్లు ఏళ్ల తరబడి నడిపినవాళ్లు కూడా దీన్ని తిరగేసి అనుకుంటారు. పంపు ఒత్తిడిని పుట్టించదు, నూనెను తోస్తుంది, అంతే. ఆ నూనె సన్నని ఖాళీల్లోంచి దూరి బయటపడలేక ఎదురుతిరిగితే పుట్టేదే ఒత్తిడి. కొత్త బిగ్ ఎండ్ బేరింగుకీ క్రాంకు పిన్నుకీ మధ్య ఉండే ఖాళీ అంగుళంలో వెయ్యోవంతుకి ఒకటి రెండింతలు. లేత్ షాపుల లెక్కలో ఒకటి రెండు థౌలు. ఆ ఖాళీ రెట్టింపైతే జారిపోయే నూనె రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. ఖాళీ ఘనంతోపాటు కారుడు పెరుగుతుంది. పైగా వేడెక్కిన నూనె పలచబడుతుంది. అందుకే అరిగిన ఇంజన్ పొద్దున చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండి, ఏలూరు దాకా వెళ్లొచ్చి సిగ్నల్ దగ్గర ఆగగానే ఎర్ర లైటు చూపిస్తుంది.

లైటు వెలుగుతూ వచ్చిన బండికి మేస్త్రీ మొదటి మాట, "ముందు ఇంజన్ ఆపండి." తరవాత తాళం మాత్రం తిప్పి, బ్లాకు పక్కనున్న ఆయిల్ స్విచ్ వైరు పీకిస్తారు. లైటు ఆరిపోవాలి. ఆరకపోతే వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోందన్నమాట, ఇంజన్‌కి ఏ జబ్బూ లేకపోవచ్చు. ఆరితే అనుమానం స్విచ్ మీదకో, నిజంగా తగ్గిన ఒత్తిడి మీదకో వెళ్తుంది.

తరవాత డిప్‌స్టిక్. నూనె తగ్గిందా అని చూడటం అందరూ చేస్తారు. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుంటారు, రెండు వేళ్ల మధ్య రుద్దుతారు. ఈ ఇంజన్‌కి పెట్రోలు పంపు బ్లాకు పక్కనే బిగించి ఉంటుంది. అందులో డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు నేరుగా చాంబర్‌లోకి దిగుతుంది. మట్టం తగ్గకపోగా పెరుగుతుంది, నూనె నీళ్లలా పలచబడుతుంది, ఒత్తిడి పడిపోతుంది. నూనె నిండుగా ఉంది కదా అని యజమాని ధైర్యంగా తిరుగుతుంటాడు. పాలరంగు నురగ కనిపిస్తే నీళ్లు కలిశాయని, అప్పుడు హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి.

ఇవన్నీ అయ్యాక అసలు పరీక్ష. స్విచ్ విప్పి, ఆ రంధ్రంలోనే పైపుతో సహా మెకానికల్ గేజ్ బిగిస్తారు. ఇలాంటి స్విచ్‌లు మామూలుగా చదరపు అంగుళానికి 5 నుంచి 7 పౌండ్ల దగ్గర పనిచేస్తాయి. అంటే రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు ఒత్తిడి 10 పౌండ్లకి పడిపోయినా లైటు వెలగదు, బేరింగులు మాత్రం చచ్చిపోతుంటాయి. లైటు ఆరి ఉండటం ఆరోగ్యానికి రుజువు కాదు. ముల్లు మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుంది.

ఆ ముల్లును ఆయన చదివే తీరు నాకు ఎంతో ఇష్టం. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా కాగాక ఐడ్లింగ్‌లో ఒకసారి, యాక్సిలరేటర్ పట్టి ఒకసారి చూస్తారు. ఈ జాతి ఇంజన్లు కాగాక వేగంలో 50 పౌండ్ల చుట్టుపక్కల, ఐడ్లింగ్‌లో 15, 20 చూపిస్తే ఆయన మరి కదిలించరు. చల్లగా బాగా ఉండి కాగేకొద్దీ జారిపోతే బేరింగుల ఖాళీలు. వేగం పెంచినా ముల్లు ఒకచోట ఆగి పైకి రానంటే రిలీఫ్ వాల్వ్. ముల్లు వణికితే పంపు గాలి పీలుస్తోందని, జాలీ గొట్టం బిగింపు చూడాలి. పొద్దున స్టార్ట్ చేశాక ముల్లు లేవడానికి ఆలస్యమై, లేచాక సరిగ్గా ఉంటే రాత్రికి రాత్రి ఫిల్టర్‌లో నూనె కిందికి దిగిపోతోందని. ఇంకా ఒక్క బోల్టు కూడా విప్పలేదు.

ఒత్తిడి హద్దు మీరితే నూనెను వెనక్కి వదిలే ఈ రిలీఫ్ వాల్వ్ ఇంజన్ ఎడమ పక్కన, వెనకగా, గుండ్రటి తల ఉన్న నట్టు కింద ఉంటుంది. లోపల స్ప్రింగు, దాని కింద ప్లంజరు. ఒక చిన్న రజను ప్లంజరు కూర్చునే చోట ఇరుక్కుంటే చాలు, పంపు తోసిన నూనెలో సగం తిరిగి చాంబర్‌లోకే పోతుంది. దాన్ని విప్పి, కడిగి, గీతలు చూసి పెట్టడం కొద్దిసేపటి పని. కొందరు అమ్మకానికి పెట్టే ముందు ఆ స్ప్రింగు వెనక వాషర్లు వేసి బిగిస్తారు. అది మోసం. స్ప్రింగు గట్టిపడితే పై హద్దు పెరుగుతుందే తప్ప కాగాక ఐడ్లింగ్‌లో పడిపోయే ఒత్తిడికి దానితో సంబంధమే లేదు, అప్పుడు ఆ వాల్వ్ ఎలాగూ మూసే ఉంటుంది. చిక్కటి నూనె పోసి లైటు ఆర్పడం కూడా ఇదే కోవలోది. ఈ రెండిట్లో ఏది కనిపించినా మేస్త్రీ ముందు దాన్ని తీసేసి మళ్లీ మొదటినుంచీ కొలుస్తారు.

చాంబర్ దింపక తప్పనప్పుడు ముందు జాలీ. గట్టిపడిన నల్లటి మడ్డి, గ్యాస్కెట్ పేస్టు ముక్కలు అందులోనే చిక్కుతాయి. తరవాత పంపు. లోపలి రోటరుకీ బయటి రోటరుకీ మధ్య ఫీలర్ గేజ్ దూరుస్తారు. 6 థౌలు దాటితే ఆ పంపు పక్కకి. అప్పటికీ తేలకపోతే బిగ్ ఎండ్ మూత ఒకటి విప్పి బేరింగు వెలుతురుకి పట్టుకుంటారు. బూడిదరంగు పొర కింద రాగి మెరిస్తే ఇక వాదన లేదు. పిన్నును మైక్రోమీటరుతో కొన్నిచోట్ల అడ్డంగా, నిలువుగా కొలిచి, కోడిగుడ్డులా అరిగి ఉంటేనే గ్రైండింగుకి పంపుతారు. అప్పుడు పది థౌలో ఇరవై థౌలో దిగిన క్రాంకుకి సరిపోయే బేరింగులు వేస్తారు.

అంతదాకా వచ్చిన ఇంజన్‌కి క్యామ్ బుష్‌లు కూడా మార్చమని ఆయన పట్టుబడతారు. ఆ చోట యజమానులు బేరమాడతారు, ఎందుకంటే అది లేత్ ఖర్చు. ఆయన తగ్గరు. క్రాంకు బేరింగులన్నీ కొత్తవి వేసి పాత బుష్‌లు వదిలేస్తే నూనె అక్కణ్ణించి జారిపోతుంది, రాకర్లకి అందదు, పెట్టిన డబ్బంతా పెట్టీ లైటు మళ్లీ వెలుగుతుంది. అన్నీ బిగించాక ప్లగ్గులు తీసేసి, గేజ్ ముల్లు లేచేదాకా ఇంజన్‌ని సెల్ఫ్ మీదే తిప్పిస్తారు. నూనె అందని కొత్త బేరింగు మీద మొదటి బరువు పడకూడదు. ముల్లు లేచాకే ప్లగ్గులు, ఆ తరవాతే స్టార్టు. బండి ఇచ్చేముందు రోడ్డు మీద బాగా కాగనిచ్చి ఇంకొకసారి ఐడ్లింగ్ రీడింగ్ చూసి, గేజ్ తీసి స్విచ్ బిగిస్తారు.