వ్యాస పరిశీలకుని బాధ్యత: కుమారసంభవ వివాదం నేర్పే పాఠం

పరిశోధన పత్రికకు అందిన వ్యాసాన్ని ప్రచురణకు ముందు ఆ రంగంలోని నిపుణుడు పరిశీలించడం నేడు స్థిరపడిన పద్ధతి. అయితే పరిశీలకుడు తేల్చవలసింది వ్యాసకర్త నిర్ణయం సత్యమా కాదా అన్నదా, లేక ఆ నిర్ణయానికి చూపిన ఆధారాలు పరీక్షకు నిలుస్తాయా అన్నదా? ఈ రెంటికీ గల భేదాన్ని నన్నెచోడుని కుమారసంభవ వివాదం స్పష్టం చేస్తుంది.

మానవల్లి రామకృష్ణకవి 1909లో ఈ కావ్యాన్ని వెలుగులోకి తెచ్చి, నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని ప్రతిపాదించారు. అనంతర పరిశోధకుల్లో అధికులు ఈ కాలనిర్ణయాన్ని అంగీకరించలేదు. కావ్యమే మానవల్లివారి సృష్టి అన్న అనుమానం దాకా చర్చ సాగింది. అటువంటి ప్రతిపాదన నేడు వ్యాసరూపంలో పరిశీలనకు వస్తే రెండు పొరపాట్లకు అవకాశం ఉంది. నన్నయే ఆదికవి అన్న నమ్మకంతో తిరస్కరిస్తే దానితోపాటు కావ్యమూ మరుగున పడుతుంది. సంపాదకుని పాండిత్యంపై గౌరవంతో ఆమోదిస్తే నిరూపితం కాని కాలం చరిత్రగా చలామణి అవుతుంది.

బాధ్యత ఎరిగిన పరిశీలకుడు కావ్య ప్రకటనను, కాలనిర్ణయాన్ని వేరుచేసి చూస్తాడు. ప్రతి ఎక్కడ లభించింది, శిథిలభాగాలు ఏవి, పరిష్కర్త పూరించినది ఎంత, శాసనాల్లోని ఏ చోడునితో కవిని ఏ ఆధారంపై ముడిపెట్టారు అని అడుగుతాడు. తాళపత్రాన్ని అతడు స్వయంగా చూడలేకపోవచ్చు. చూడదలచినవారికి వ్యాసం దారి చూపుతున్నదా లేదా అన్నది మాత్రం తప్పక చెప్పగలడు.

ప్రాచీన గ్రంథపరిష్కరణ వంటి రంగాల్లో పనిచేసేవారు కొద్దిమందే. పేరు తొలగించినా శైలి, విషయం వ్యాసకర్తను పట్టిస్తాయి. గురుశిష్య బంధమో పాత వాగ్వాదమో అడ్డువచ్చినప్పుడు సంపాదకునికి తెలిపి తప్పుకోవడమే ధర్మం. తప్పుకోని పక్షంలో కారణాలు రాయాలి. ‘ప్రచురణార్హం’ అన్న ఒక్క మాట నివేదిక కాదు. అది వ్యాసకర్తకు దిద్దుబాటు అవకాశాన్ని, సంపాదకునికి నిర్ణయాధారాన్ని దక్కకుండా చేస్తుంది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2025 ఫిబ్రవరిలో ‘కేర్’ పత్రికల జాబితాను ఉపసంహరించి, పత్రికల నాణ్యతను నిర్ధారించుకొనే బాధ్యతను విద్యాసంస్థలకు వదిలింది. జాబితాలో పేరు ఉన్నదన్న సమాధానం ఇక చెల్లదు. పత్రిక విశ్వసనీయతకు సాక్ష్యంగా మిగిలేవి సంపాదకుని వద్ద భద్రపడిన పరిశీలన నివేదికలు, వాటిని అనుసరించి వ్యాసంలో జరిగిన మార్పులు.