ముందు గాలి, తర్వాతే గాజు

మార్చి దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, గేమ్ ఆడుతుంటే సిస్టమ్ దానంతటదే ఆగిపోతోంది. మంచి కూలర్ ఏదో చెప్పవా?" కూలర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు నీ క్యాబినెట్ ఫొటో పంపు తమ్ముడూ అంటాను. ఎక్కువగా వచ్చే ఫొటో ఒకటే. ముందువైపు నిలువెల్లా గాజు, దాని వెనక రంగులు మారుస్తూ తిరిగే మూడు ఫ్యాన్లు. తిరుగుతున్నాయి సరే, పీల్చుకోవడానికి గాలేదీ? పక్కన వేలు కూడా దూరని సందు!

తెలిసినవాళ్లకు సిస్టమ్‌లు బిగించిపెట్టడం నాకు పాత సరదా. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్తే ఏ బ్రాండ్ గొప్పదన్న వాదన చెవిన పడకుండా బయటికి రాలేం. నా లెక్కలో బ్రాండుకన్నా ముందు మన ఎండ. హీట్‌సింకైనా లిక్విడ్ కూలరైనా ప్రాసెసర్‌ను గది గాలికన్నా చల్లబరచలేదు. 22 డిగ్రీల గదిలో 70 చూపించిన కూలర్, మే నెల విజయవాడలో 37 డిగ్రీల గదిలో 85 దాకా చూపిస్తుంది. అందులో కూలర్ తప్పేమీ లేదు. పద్ధతిగా పరీక్షించేవాళ్లు గదికన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువో ఆ తేడానే చెబుతారు. రివ్యూల్లో నేను చూసేదీ అదే.

స్వీడన్ కంపెనీ ఫ్రాక్టల్ డిజైన్‌కు డిఫైన్ అనే సిరీస్ ఉంది. ముందు మూసిన తలుపు, చప్పుడు వినిపించకుండా లోపల మెత్తటి పొర. చలిదేశానికి అది బాగుంటుంది. మనకైతే అదే కంపెనీ తెచ్చిన, ముందు జాలీ ఉన్న మెషిఫై మేలు. చెక్క బద్దల ముఖంతో 2022లో వచ్చిన నార్త్ కూడా నాకిష్టమే, బద్దల మధ్య ఖాళీలున్నాయి కాబట్టి. కోర్సెయిర్ 2020లో 4000డి అని ఒకే డబ్బాను రెండు ముఖాలతో అమ్మింది, ఒకటి మూసిన రేకు, ఇంకొకటి చిల్లుల రేకు. ఆ రెండోదాని పేరులోనే ఎయిర్‌ఫ్లో ఉంది, ఎంచుకోవడానికి ఇంకేం కావాలి? తైవాన్ లియాన్ లీ ఓ11 డైనమిక్ అందగత్తే. కానీ దాంతో ఫ్యాన్ ఒక్కటీ రాదు. క్యాబినెట్ ధర చూసి మురిసినవాళ్లు ఫ్యాన్ల బిల్లు దగ్గర మౌనం పాటిస్తారు.

ఫ్యాన్లోనూ ఒక మెలిక ఉంది. రెక్కల వెనక అడ్డకమ్మీలు కనిపించే వైపు నుంచి గాలి బయటికి పోతుంది, ఖాళీ ముఖం వైపు నుంచి లోపలికి వస్తుంది. కమ్మీలు కనిపిస్తే అందం చెడుతుందని ముందు ఫ్యాన్లను తిప్పి బిగించిన సిస్టమ్‌లు నేను చూశాను. గాలి పీల్చాల్సినవి బయటికి ఊదుతుంటాయి పాపం. అందం కావాలనుకునేవాళ్ల కోసం ఇప్పుడు తిరగేసిన రెక్కల ఫ్యాన్లే విడిగా అమ్ముతున్నారు.

లైట్ల సరదా ఉంటే మదర్‌బోర్డు మీది అక్షరాలు చదవండి. పాత తరహా ఆర్‌జీబీది 12 వోల్టులు, వరసగా నాలుగు పిన్నులు. ఏఆర్‌జీబీది 5 వోల్టులు, నాలుగింట్లో ఒక పిన్ను ఉండదు. 5 వోల్టుల లైట్లను 12 వోల్టులకు తగిలిస్తే కాలిపోతాయి.

కూలర్లలో ఆస్ట్రియా నాక్టువా 2014లో తెచ్చిన ఎన్‌హెచ్-డీ15కు నేనూ దండం పెడతాను, ఆ గోధుమరంగు ఫ్యాన్లతో సహా. అయినా నా డబ్బుతో కొనమంటే థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 కొంటాను. దానికీ రెండు టవర్లు, ఆరు హీట్ పైపులు. చల్లదనంలో తేడా కొద్దిపాటిదే, ధర మాత్రం సగంకన్నా తక్కువ. లిక్విడ్ కూలర్‌లో పంపు ఆగిపోవచ్చు, ఏళ్లు గడిచేకొద్దీ గొట్టాల్లోంచి నీరు కొంచెం కొంచెంగా ఇంకిపోతుంది. గాలి కూలర్‌లో చెడేది ఫ్యానొక్కటే. అది మార్చుకోవడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

మిగిలిన శత్రువు దుమ్ము. ముందు రెండు, వెనక ఒక ఫ్యాను పెడితే లోపలికొచ్చే గాలి ఎక్కువై సందుల్లోంచి బయటికే తోస్తుంది. దుమ్ము ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, గిరగిరా తిరగనివ్వొద్దు.

ఈ ఆదివారం సిస్టమ్ ఆపి, ముందు ఫిల్టర్ తీసి కుళాయి కింద కడగండి. పూర్తిగా ఆరాకే బిగించండి. అప్పటికీ వేడి తగ్గకపోతే అప్పుడు కొత్త కూలర్ బేరం చేయండి.