చెవి మిషన్ ఎంపికలో వేళ్ల వంతు

వినికిడి యంత్రాల ప్రకటనలన్నీ ఈమధ్య ఒకే మాట మీద నడుస్తున్నాయి: పెట్టుకున్నట్టు ఎవరికీ తెలియదని. చెవి మిషన్‌లో మొదట చూడాల్సిన గుణం అది కానే కాదు. ఏ రకమైనా లోపల జరిగే పని ఒకటే. మైకు శబ్దాన్ని అందుకుంటుంది. వినికిడి పరీక్ష ఫలితం (ఆడియోగ్రామ్) చూసి ఆడియాలజిస్టు అమర్చిన లెక్క ప్రకారం చిప్ దాన్ని పెంచుతుంది. రిసీవర్ అనే బుల్లి స్పీకర్ చెవిలోకి పంపుతుంది. ఈ సరంజామా ఎక్కడ కూర్చుంటుందన్న దాన్నిబట్టే రకాలు.

పూర్తిగా చెవి రంధ్రంలో దాగే సీఐసీ రకం చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. మైకూ రిసీవరూ పక్కపక్కనే ఉండటంతో శబ్దం ఎక్కువ పెంచితే కీచుమంటుంది. కాబట్టి వినికిడి బాగా తగ్గినవారికి పనికిరాదు. గుబిలి రిసీవర్‌కు అడ్డుపడి తరచూ మూగబోతుంది. చాలావాటిలో పడేది 10 నంబరు బ్యాటరీ. 5.8 మిల్లీమీటర్ల బిళ్ల అది. దాని పసుపు స్టిక్కర్ ఒలిచి, గాలి తగిలేలా ఓ నిమిషం ఉంచి, గోటితో మూత తీసి, సరైన వైపు తిప్పి పెట్టాలి. కొద్ది రోజులకోసారి ఇదే పని. చూపు మందగించి, వేళ్లు వణికే పెద్దవారికి ఇది ప్రతిసారీ పరీక్షే.

వయసుతో ముందుగా తగ్గేవి సన్నని శబ్దాలు. స, ష, త లాంటి హల్లులు జారిపోతాయి, అచ్చులు నిలుస్తాయి. “వినపడుతోంది గానీ మాట తెలియట్లేదు” అని పెద్దలు అనేది ఇందుకే. వీరి చెవిని పూర్తిగా మూసేస్తే సొంత గొంతు కుండలో తల పెట్టి మాట్లాడినట్టు మోగుతుంది. చెవి వెనక మిషన్, రంధ్రంలో రిసీవర్, మధ్యన సన్నని తీగ ఉండే ఆర్ఐసీ రకం చెవిని తెరిచే ఉంచుతుంది. వీటిలో రీచార్జి చేసుకునేవి దొరుకుతున్నాయి కూడా. వినికిడి బాగా తగ్గితే చెవి వెనక పెట్టే బీటీఈయే మేలు. చెవి అచ్చు తీసి చేసిన మోల్డ్ దానికి పట్టు.

ఇంతవరకూ చూస్తే ఆర్ఐసీదే పైచేయి అనిపిస్తుంది. కానీ చాలామంది పాతబడిందని పక్కన పెట్టిన జేబు మిషన్‌ను తీసిపారేయకూడదు. బట్ట రాపిడి గరగరలాడే మాట నిజమే. అయినా మైకు జేబులో, రిసీవర్ చెవిలో దూరంగా ఉంటాయి కాబట్టి కీచుమనడం తక్కువ. మీట తడిమితే దొరుకుతుంది. చాలావాటికి కిరాణా కొట్లో దొరికే పెన్సిల్ సెల్ సరిపోతుంది. మంచాన పడ్డ మనిషికి, పల్లెలో ఒంటరిగా ఉండే ముసలివారికి ఇప్పటికీ ఇదే తగినది.

40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న అర్హులకు కేంద్రం అడిప్ పథకం కింద మిషన్లు ఇస్తుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఎక్కడ కొన్నా, డబ్బు కట్టే ముందు పెట్టుకునే మనిషే బ్యాటరీ మూత తన వేళ్లతో తీసి, వేసి చూడాలి.