మాటలు లేని రికార్డు

రావులపాలెం సెంటర్లో ఏ దారి పట్టినా కాసేపటికి సంగీతంతో ముడిపడిన ఊరొకటి తగులుతుంది. వశిష్ఠ మీద సిద్ధాంతం వంతెన దాటి పెనుగొండ, మార్టేరు మీదుగా వెళితే పాలకొల్లు. మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పుట్టింది అక్కడే. జొన్నాడ దగ్గర గౌతమి దాటి రాజమండ్రి చేరి, అక్కణ్ణించి మళ్లీ గోదారి దాటితే కొవ్వూరు, 1961లో కీరవాణి పుట్టిన ఊరు. గౌతమి దాటాక రామచంద్రపురం వైపు తిరిగితే పసలపూడి, దర్శకుడు వంశీది. మొదటివాడి మాండొలిన్ ప్రపంచ ప్రసిద్ధ జాజ్ గిటారిస్టు పక్కన మోగింది. రెండోవాడి నేపథ్య సంగీతాన్ని లండన్‌లో పెద్ద ఆర్కెస్ట్రా వేదిక మీద కూర్చుని వాయించింది. మూడోవాడు ఇళయరాజా చేత తెలుగు సినిమాలో మరపురాని నేపథ్య సంగీతం చేయించుకున్నాడు.

ఇంత దగ్గర్లో ఇంత సంగీతం పుట్టినా, మాటలు లేని సంగీతాన్ని రికార్డు మీద పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా వినే అలవాటు మాత్రం ఇక్కడ తక్కువే. ఇందులో వినేవాళ్ల తప్పేమీ లేదు. మనకి సినిమా రికార్డంటే పాటల రికార్డు. కాకపోతే మాటల రికార్డు. పెళ్లి పందిట్లో మైకు సెట్టు పెడితే ‘దానవీరశూర కర్ణ’ డైలాగులు ఊరంతా వినిపించేవి. పాటకీ మాటకీ మధ్య తెర వెనక నడిచిన సంగీతాన్ని, మన సినిమావాళ్లు ‘రీరికార్డింగు’ అని, ముద్దుగా ‘ఆర్ఆర్’ అని పిలిచేదాన్ని, విడిగా అమ్మాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు. అమ్మకానికి రానిదాన్ని వినడం జనానికెలా అలవాటవుతుంది?

ఆ వినికిడి నేర్చుకోవడానికి జాజ్ రికార్డు మంచి బడి. కచేరీ విన్న తెలుగు చెవికి అందులో సగం పాఠం ముందే వచ్చు.

ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ తీసుకుందాం. 1959లో మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే రోజుల్లో, న్యూయార్క్‌లో ఒకప్పుడు చర్చిగా ఉన్న స్టూడియోలో రికార్డు చేశారు. మైల్స్ వాద్యకారుల చేతికి పూర్తిగా రాసిన స్వరలిపి ఇవ్వలేదు. ఏ స్వరాల మధ్య తిరగాలో సూచించే చిన్న చీటీల్లాంటివి ఇచ్చాడు. మొదటి రచన ‘సో వాట్’. అందులో వాడిన స్వరవరుసని పాశ్చాత్యులు డోరియన్ అంటారు. షడ్జం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. అంటే అచ్చంగా మన ఖరహరప్రియ స్వరాలు. త్యాగరాజ కీర్తనలతో పెరిగినవాళ్లకి ఆ గాంధారం, ఆ నిషాదం బాల్య స్నేహితులు. గమకం లేదు కాబట్టి అది ఖరహరప్రియ రాగం కాదు. ఇల్లు అదే, అందులో కాపురం ఉన్నవాళ్లు వేరు.

ఆ రచన కట్టుబడి ముప్పై రెండు బార్లు, అంటే మన ఆవర్తాల్లాంటివి. మొదటి పదహారు ఒక ఆధార షడ్జం మీద, తర్వాత ఎనిమిది అర స్వరం పైకి జరిపి, చివరి ఎనిమిది మళ్లీ కిందికి. ఈ చక్రమే తిరుగుతూ ఉంటుంది. ఒక్కొక్క వాద్యకారుడు వంతులవారీగా దాని మీద అప్పటికప్పుడు కల్పించుకుంటూ వాయిస్తాడు. ముందు ట్రంపెట్ మీద మైల్స్, ఆయన వెనక సాక్సఫోన్ మీద జాన్ కోల్ట్రేన్, తర్వాత కానన్‌బాల్ ఆడర్లీ, ఆపైన పియానో మీద బిల్ ఎవాన్స్. కల్పనస్వరం వేసి ఎత్తుగడకి తిరిగొచ్చే విద్వాంసుణ్ణి విన్నవాళ్లకి ఈ చక్రం పట్టుకోవడం కష్టం కాదు. శ్రుతి అర స్వరం పైకి జరిగే చోటే తడబాటు. మన కచేరీలో శ్రుతి మొదలెట్టిన చోటే చివరిదాకా నిలబడుతుంది కాబట్టి ఆ జరగడం మొదటిసారి చెవికి ఎగుడుదిగుడుగా తగులుతుంది. రెండోసారికి అదే గుర్తు అవుతుంది: చక్రంలో మూడో భాగానికి వచ్చామన్నమాట.

ఈ రచన వినేటప్పుడు మొదట ట్రంపెట్ని వదిలేయాలి. పాల్ చేంబర్స్ బాస్‌ని పట్టుకోవాలి. ఎందుకంటే ఇక్కడ అసలు వరుస పాడేది బాసే. ఎప్పుడూ అడుగున ఉండే వాద్యం ప్రశ్న వేస్తుంటే మిగతావాళ్లంతా కలిసి రెండే దెబ్బల్లో జవాబు చెబుతారు. అడుగు వాద్యాన్ని పట్టుకోవడం వచ్చిన చెవికి ఇక ఏ ఆర్కెస్ట్రా అయినా విడివిడి పొరలుగా విచ్చుకుంటుంది. ఇళయరాజా సంగీతం వింటూ బాస్ గిటార్ ఎక్కడుందో వెతకనివాళ్లు ఆయన పనితనంలో సగమే విన్నట్టు.

ఈ ఆల్బమ్‌కి ఇంకో విశేషముంది. మార్చి 2న వాడిన టేప్ మెషీన్లలో ఒకటి కాస్త నిదానంగా తిరిగింది. ఆ టేపు నుంచి రికార్డులు కొట్టడంతో మొదటి వైపున్న మూడు రచనలూ అసలు శ్రుతికంటే కొంచెం హెచ్చులో వినిపించాయి. 1992లో రెండో మెషీన్ టేపు తీసి సరిదిద్దేదాకా మూడు దశాబ్దాలకి పైగా లోకం ఆ హెచ్చు శ్రుతినే విన్నది. రికార్డు వినడమంటే మనిషి వాయించినదాన్ని యంత్రం చెప్పగా వినడం. ఆ యంత్రం సంగతి కూడా తెలిసుండాలి.

మైల్స్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’కి ఏడాదికి పైగా ముందే, 1957 డిసెంబరులో, పారిస్‌లో ఒక పని చేశాడు. లూయీ మాల్ తీసిన ఫ్రెంచి సినిమా ‘అసాన్సర్ పూర్ లెషఫో’ దృశ్యాలు తెర మీద మళ్లీ మళ్లీ వేయిస్తూ, నలుగురు వాద్యకారులతో కలిసి, వాటిని చూస్తూనే నేపథ్య సంగీతం వాయించేశాడు. జాజూ సినిమా రీరికార్డింగూ ఒక్కచోట కలిసిన రాత్రి అది. తర్వాత వచ్చిన సీడీల్లో ఒకే దృశ్యానికి వాయించిన వేర్వేరు ప్రయత్నాలు కూడా చేర్చారు. వాటిని వరుసగా వింటే సంగీత దర్శకుడు ఏం వద్దనుకున్నాడో, ఏం ఉంచుకున్నాడో బొమ్మ అక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

తెర చూస్తూ సంగీతం పుట్టించడంలో ఇళయరాజాది వేరే దారి. రీలు చూసి, ఏ వాద్యమూ ముట్టకుండా, అన్ని వాద్యాల భాగాలూ కాగితం మీద స్వరలిపిలో రాసేస్తారు. కాగితాలు పంచాక ప్రసాద్ స్టూడియోలో వాద్యకారులు వాయించేవారు. మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర నేర్చుకున్న పాశ్చాత్య సంగీతం ఆ కలానికి బలం. ఆయన సంగీతంతో వంశీ ‘సితార’ 1984లో, ‘అన్వేషణ’ 1985లో వచ్చాయి. ‘అన్వేషణ’లో నాయిక జంతువుల, పక్షుల కూతలకీ మన సంగీతానికీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేయడానికి అడవికి వస్తుంది. అక్కడ హత్యలు. కథే సంగీతం గురించి కాబట్టి నేపథ్య సంగీతానికి చేతినిండా పని దొరికింది. భయపెట్టాల్సిన చోట పెద్ద చప్పుడు చేయకుండా తీగవాద్యాలని సన్నగా పొడిగించి వదిలేయడం, పాటలోని చిన్న వరుసని వేరే వాద్యం మీద, వేరే నడకలో మళ్లీ తేవడం లాంటి పనులు ఇళయరాజాకి వెన్నతో పెట్టిన విద్య. ఒకే వరుస వాద్యం మారితే అర్థం మారుతుంది. వేణువు మీద వచ్చినప్పుడు ప్రేమ, అదే సెల్లో మీదికి దిగితే అనుమానం. నేపథ్య సంగీతానికి మూల సూత్రం ఇదే. చూస్తున్నప్పుడు ఈ మార్పు కథలో కలిసిపోతుంది. కళ్లు మూసుకుని వింటేనే దాని కట్టుబడి పట్టుబడుతుంది.

దీన్ని బొమ్మ లేకుండా నేర్పే ఆల్బమ్ కూడా ఆయనే ఇచ్చారు. 1986లో వచ్చిన ‘హౌ టు నేమ్ ఇట్?’ని త్యాగరాజుకీ, జర్మన్ స్వరకర్త బాఖ్‌కీ అంకితమిచ్చారు. అందులో ఒకచోట బాఖ్ సోలో వయొలిన్ కోసం రాసిన రచన మీద కొత్త వరుసలు అల్లారు. అసలు రచన తన దారిన తను నడుస్తుంటే, పక్కనే మరో వరుస అంతే స్వతంత్రంగా నడుస్తుంది. దీన్ని కౌంటర్‌పాయింట్ అంటారు. మన సంగీతంలో ఒక్క వరుసే రాజు, తక్కినవన్నీ దానికి తోడు. అక్కడ రెండు వరుసలకీ సమాన హోదా. ఒకసారి పైదాన్ని, ఒకసారి కిందిదాన్ని పట్టుకుని విన్నాక మూడోసారి రెండూ కలిసి వినపడతాయి. ఓపిక కావాలి. ఆ మూడోసారి దొరికే ఆనందం మాత్రం పాటలో దొరికేది కాదు.

ఇక పాలకొల్లు. శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ మాండొలిన్, క్లారినెట్ వాయించేవారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకి మాండొలిన్ రాదు. ఆయన పాడితే పిల్లాడు వాయించి నేర్చుకున్నాడు. ఆ మాండొలిన్‌లో గాత్రం వినపడేది అందుకే. మామూలు మాండొలిన్‌కి నాలుగు జంట తీగలు. మీటగానే నాదం చచ్చిపోతుంది, జంట తీగల మీద గమకం సాగదు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. నాదం నిలబడింది, తీగ లాగితే గమకం పలికింది. యూరపు వాద్యం కర్ణాటక సంగీతానికి ఒదిగింది.

పద్నాలుగేళ్ల వయసులో, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. తర్వాత ఇంగ్లిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా మీద జాకిర్ హుసేన్, కంజీర మీద సెల్వగణేశ్‌లతో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో చేరాడు. మెక్‌లాఫ్లిన్ ఎవరంటే, 1969లో మైల్స్ డేవిస్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’లో గిటార్ వాయించినవాడు. న్యూయార్క్ చర్చి స్టూడియోకీ పాలకొల్లుకీ మధ్య ఉన్నది ఒక్క మనిషి.

2000లో వచ్చిన ‘ది బిలీవర్’ ఆల్బమ్‌లో ‘లోటస్ ఫీట్’ అనే రచన ఉంది. మెక్‌లాఫ్లిన్ మొదటి శక్తి బృందం 1976 ఆల్బమ్‌లోనూ ఇదే ఉంది, ఎల్. శంకర్ వయొలిన్‌తో. రెండూ ఒకే పూట వినాలి. వయొలిన్ కమానుతో స్వరాన్ని ఎంతసేపైనా లాగగలదు. మాండొలిన్‌కి ఆ సుఖం లేదు, స్వరం ఎప్పటికప్పుడు మీటుకోవాల్సిందే. అదే వరుసని శ్రీనివాస్ ఎక్కడ ఆపుతున్నాడు, ఎక్కడ తీగ లాగుతున్నాడు, ఎక్కడ ఖాళీ వదిలేస్తున్నాడు అన్నదాని మీద చెవి పెడితే వాద్యకారుడి బుర్ర పని చేసే తీరు తెలుస్తుంది. 2014 సెప్టెంబరు 19న నలభై అయిదేళ్లకే ఆయన పోయారు. మనకి మిగిలినవి రికార్డులే.

కొవ్వూరు కీరవాణి 2023లో ఆస్కార్ అందుకుంటూ, తాను కార్పెంటర్స్ బృందం పాటలు వింటూ పెరిగానని చెప్పారు. అమెరికా జంట పాడిన రికార్డులు గోదావరి కుర్రాడి చెవిలో పడి ఎక్కడికి చేర్చాయో ఆ వేదిక మీద ఒక్క వాక్యంలో తేలిపోయింది. అంతకంటే ముందు, 2019 అక్టోబరు 19న, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ‘బాహుబలి: ది బిగినింగ్’ తెర మీద ఆడుతుండగా కింద ఆర్కెస్ట్రా ఆయన సంగీతాన్ని ప్రత్యక్షంగా వాయించింది. సినిమా చూడ్డానికి వచ్చినవాళ్లు వయొలిన్ కమానులు ఒక్కసారిగా లేవడం కళ్లారా చూశారు. ‘బాహుబలి’ నేపథ్య సంగీతం పాటలతో సంబంధం లేకుండా విడిగా విడుదలైంది. తెలుగులో ఇది పెద్ద మలుపు.

పాత సినిమాలకి ఆ అదృష్టం పట్టలేదు. అప్పటి ప్రింట్లలో మాట, సంగీతం, తలుపు చప్పుడు అన్నీ ఒకే మోనో ట్రాక్‌లో కలిసిపోయాయి. అభిమానులు మాటల మధ్య దొరికిన సందుల్లోంచి ముక్కలు కోసి దాచుకుంటున్నారు. హాలీవుడ్‌లోనూ ఇలాంటిది జరిగింది. 1960 నాటి ‘సైకో’కి బెర్నార్డ్ హెర్మన్ ఒక్క తీగవాద్యాలతోనే సంగీతం రాస్తే, మొత్తం ఆల్బమ్‌గా వినాలంటే ఆయనే 1975లో మళ్లీ ఆర్కెస్ట్రాని కూర్చోబెట్టి రికార్డు చేయాల్సి వచ్చింది. కాగితం మీద స్వరలిపి ఉంటే ఆ పని ఇప్పటికీ చేయొచ్చు. కాగితం మీద రాసే ఇళయరాజా విషయంలో ఇంకా బాగా చేయొచ్చు. ఆయన ‘వేలియంట్’ సింఫనీని 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించిందంటే, ‘అన్వేషణ’ వాయించడానికి మనుషులు కరువు కాదు.

అలా ‘అన్వేషణ’ ఆల్బమ్ వస్తే అట్ట మీద వాయించినవాళ్ల పేర్లు తప్పక ఉండాలి. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అట్ట వెనక వాద్యకారులందరి పేర్లూ ఉన్నాయి, బిల్ ఎవాన్స్ రాసిన వ్యాఖ్యతో సహా. కర్ణాటక కచేరీ రికార్డు మీద మృదంగం ఎవరో, వయొలిన్ ఎవరో వేయకపోతే రసికులు ఊరుకోరు. మన సినిమా రికార్డు అట్టల మీద మాత్రం ఎక్కువగా కనిపించేవి సంగీత దర్శకుడు, కవి, గాయకుల పేర్లే. వయొలిన్ వి.ఎస్. నరసింహన్, గిటార్ సదానందం, కీబోర్డు విజి మాన్యుయేల్, డ్రమ్స్ పురుషోత్తమన్ ఇళయరాజా బృందంలో ఏళ్ల తరబడి వాయించినవాళ్లు. తెలుగు ఇళ్లలో వాళ్ల వాద్యం తెలియని చెవి లేదు, వాళ్ల పేర్లు తెలిసినవాళ్లు మాత్రం బహు కొద్దిమంది.