ఇంట్లో నేస్తేనే ఆ ముద్ర

ఈ ఉన్ని బట్ట పేరు హారిస్ ట్వీడ్. నేసేదేమో చాలావరకు లూయిస్‌లో. స్కాట్లండ్‌కు వాయవ్యాన, అట్లాంటిక్ గాలులకు ఎదురుగా ఔటర్ హెబ్రిడీస్ దీవులున్నాయి. వాటిలో లూయిస్, హారిస్ నిజానికి ఒకే దీవి. మధ్యలో కొండలు అడ్డం పడటంతో జనం రెండుగా చెప్పుకుంటారు. ప్రధాన భూభాగంలోని ఉల్లాపూల్ రేవులో ఓడ ఎక్కితే లూయిస్‌లోని స్టోర్నోవే చేరడానికి రెండున్నర గంటల పైమాటే. ఎడిన్‌బరో కోట, లాక్ నెస్ సరస్సు చూసుకుని వెనక్కి తిరిగేవాళ్లకు ఈ ఓడతో పని పడదు. ఊళ్లలో చూడటానికి కూడా పెద్దగా ఏమీ కనిపించదు: గొర్రెలు, బంకమట్టి రంగు బీడు, దూరదూరంగా ఇళ్లు. ఇంటి పక్కన రేకుల షెడ్డులోంచి టకటకమని చప్పుడు వస్తే మాత్రం ఆగాలి. అక్కడ మగ్గం నడుస్తోంది.

ఆ బట్టను గేలిక్ భాషలో క్లో మోర్ అంటారు, పెద్ద బట్ట అని అర్థం. చేత్తో తడిమితే గరుకు, బరువు. తుప్పర వాన దాని మీద నిలిచి జారిపోతుంది. మన కురుమల గొంగడి కప్పుకున్నవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఈ బట్టలో నాకు అన్నిటికంటే అబ్బురమనిపించేది రంగు. మనం నూలుకు రంగు వేస్తాం. పోచంపల్లిలో అయితే నూలును చిటికి కట్టి మరీ వేస్తారు. ఇక్కడ అంతకంటే ఒక అడుగు ముందే, వడకకముందు ఉన్నికే వేస్తారు. రంగురంగుల ఉన్నిని లెక్క ప్రకారం తూచి, కలిపి, దువ్వి, అప్పుడు వడుకుతారు. అందుకే ఒక్క పోగులోనే నాలుగైదు రంగులు దాగి ఉంటాయి. గోధుమరంగు అనుకున్న కోటును ఎండలో కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తే నారింజ, ఊదా, పాచి ఆకుపచ్చ, నీలం వెంట్రుకలు బయటపడతాయి. దూరంనుంచి ఒకటే రంగుగా కనిపించే ఆ దీవి బీడు కూడా ఇలాంటిదే, దగ్గరికి వెళితే హెదర్ పూలు, గడ్డి, రాయి వేటికవే.

ఒకప్పుడు ఈ రంగులు ఆ బీడులోంచే వచ్చేవి. వాటిలో పేరు మోసింది క్రోటల్. మన బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వుకు అది దాయాది. బండల మీద పట్టిన దాన్ని గీకి తెచ్చి, ఇనుప కడవలో ఒక వరస ఉన్ని, ఒక వరస క్రోటల్ పరిచి, నీళ్లు పోసి గంటల తరబడి ఉడికించేవారు. ఎర్రటి గోధుమరంగు దిగేది, దానితోపాటు చాలాకాలం వదలని ఒక వాసన కూడా. జాలరులు మాత్రం ఆ రంగు బట్ట కట్టుకుని సముద్రంలోకి వెళ్లేవారు కాదట. రాతినుంచి వచ్చింది తిరిగి రాతినే చేరుతుందని, కట్టుకున్నవాణ్ణీ అడుక్కి లాక్కుపోతుందని భయం. ఇప్పుడు మిల్లుల్లో రసాయన రంగులే వాడుతున్నారు కాబట్టి ఆ చింత లేదు.

నేసిన బట్టను చిక్కబరచడం మరో పని. ఇప్పుడది మిల్లులో సబ్బునీళ్లతో జరిగిపోతుంది. పూర్వం ఊళ్లోని ఆడవాళ్లంతా ఒక పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని తడి బట్టను బల్లకేసి బాదుతూ, ప్రదక్షిణ దిక్కుగా పక్కవారికి జరుపుతూ పాడేవారు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవడం మన నాట్ల పాటల తీరే. తడపడానికి వాడేదేమిటో చెబితే కొందరు ముక్కు మూసుకుంటారు: ఇళ్లలో పోగుచేసి నిలవబెట్టిన మనుషుల మూత్రం. అందులోని అమోనియా జిడ్డును వదిలించేది. బాదడం ఆగిపోయినా పాటలు మిగిలాయి, ఇప్పుడు వాటిని వేదికల మీద పాడుతున్నారు.

ఇక మగ్గం. మొదట్లో చేత్తో నాడె విసిరే చెక్కమగ్గాలు ఉండేవి. మొదటి ప్రపంచయుద్ధం తరవాత హాటర్స్‌లీ ఇనుప మగ్గం వచ్చింది. కాళ్లతో తొక్కితే నాడె దానంతటదే పరుగెడుతుంది. 1990లలో రెండింతల పన్నా ఉన్న మగ్గాలు దిగాయి. వాటిలో నాడె కూడా లేదు, సైకిలు పెడళ్లు తొక్కినట్టు తొక్కడమే. మరి దీన్ని చేనేత అనవచ్చా? మన 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కూడా మరమగ్గం కానిదంతా చేనేతేనంటుంది. చెయ్యా కాలా అన్నది కాదు ప్రశ్న, కరెంటు ఉందా లేదా అన్నదే. రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా పోయే ఏటవాలు నేత, దాన్ని దిక్కు మారుస్తూ తీసే చేపముల్లు నేత వీళ్ల చేతికి అలవాటైనవి. కొత్త పడుగు వచ్చినప్పుడు పాత పోగుల కొసలకు కొత్తవి వందల్లో ముడివేసుకోవాలి. మన నేతగాళ్లు అచ్చు అతకడమనే ఆ పని అక్కడా అంతే విసుగు, అంతే ఓపిక.

ఈ సంప్రదాయం బతికిన తీరు కళకంటే చట్టానికి ఎక్కువ సంబంధించినది. 1840లలో హారిస్ జమీందారిణి లేడీ డన్‌మోర్ ఈ ముతక బట్టను తనవంటి ధనికులకు పరిచయం చేసింది. ఆ కాలంలోనే బంగాళదుంప పంటకు తెగులు సోకి దీవుల్లో ఆకలి పడింది. బట్టకు గిరాకీ పెరిగాక నకళ్లూ పుట్టుకొచ్చాయి. 1909లో సంఘం కట్టుకుని, గోళం మీద శిలువ ఉన్న ముద్రను నమోదు చేయించారు. మొదటి నిబంధనలో నూలు కూడా చేత్తో వడకాలి. 1934లో అది మిల్లుకు వదిలేశారు. అక్కడితో ఆగకుండా ప్రధాన భూభాగంలో వడికిన నూలు కూడా చెల్లాలన్నవాళ్లు కోర్టుకెక్కారు. 1964లో ఎడిన్‌బరోలో లార్డ్ హంటర్ కుదరదని తీర్పిచ్చాడు. 1993లో బ్రిటిష్ పార్లమెంటు దీనికోసం ఒక చట్టమే చేసింది: కొత్త ఉన్నికి రంగు వేయడం, వడకడం దీవుల్లోనే జరగాలి, తుది మెరుగు కూడా అక్కడే, నేత మాత్రం దీవివాసుల ఇళ్లలో. తనిఖీదారు చూసి తృప్తిపడ్డాకే బట్ట వెనకవైపు గోళం ముద్ర పడుతుంది.

‘ఇళ్లలో’ అన్న ఆ ఒక్క మాటను వదలకపోవడమే వీళ్ల తెలివి. రంగూ వడుకూ మిల్లుకు పోనిచ్చారు, చెక్కమగ్గాన్ని ఇనుముకు పోనిచ్చారు, మగ్గాన్ని మాత్రం గడప దాటనివ్వలేదు. దానివల్ల నేతగాడు ఉదయం గొర్రెల్ని చూసుకుని, మధ్యాహ్నం మగ్గమెక్కి, సాయంత్రం పొయ్యిలోకి పీట్ మట్టి తవ్వుకోగలడు. మిల్లు వ్యాన్ పడుగు దోనెను ఇంటి దగ్గర దింపి, నేసిన బట్ట తీసుకుపోతుంది. గజాల లెక్కన కూలి. మన షావుకారు పద్ధతే ఇది, కాబట్టి మరీ మురిసిపోవాల్సిందేమీ లేదు, మిల్లు పడుకుంటే షెడ్లన్నీ పడుకుంటాయి.

1966లో 76 లక్షల గజాలు నేశారు. తరవాత ఫ్యాషన్ మారి దీపం సన్నగిల్లింది. 2004లో నైకీ కంపెనీ బూట్లకోసం హారిస్‌లో లస్కెంటైర్ ఊరి డొనాల్డ్ జాన్ మకై అనే నేతగాడికి కబురు పెట్టింది. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, మిగతా షెడ్లకూ పంచాల్సి వచ్చింది. రెండు మూడేళ్లకే స్టోర్నోవేలోని పెద్ద మిల్లు చేతులు మారింది. కొత్త యజమాని వేల డిజైన్లను నాలుగుకు కుదించాడు. నేతగాళ్లు ఖాళీగా కూర్చున్నారు. 2007లో షాబోస్ట్‌లో మూతపడిన మిల్లును మరొకరు తెరిపించాక గానీ కోలుకోలేదు.

స్టోర్నోవేలో దిగినవాళ్లకు మరో ముద్ర కూడా తగులుతుంది, పళ్లెంలో. రక్తం, ఓట్స్, కొవ్వు, ఉల్లి కూరి చేసే బ్లాక్ పుడింగ్‌కు 2013లో ఐరోపా భౌగోళిక గుర్తింపు దక్కింది. తెలంగాణలో ‘నల్ల’ తిని పెరిగినవాళ్లకు ఇది కొత్త రుచేమీ కాదు.

గొంగడి మళ్లీ గుర్తొస్తుంది. దక్కనీ నల్లగొర్రె ఉన్ని, ఆడవాళ్ల వడుకు, చింతగింజల గంజి, గుంటమగ్గం, అంతా ఒక్క ఊళ్లోనే. 1993 చట్టం హారిస్‌ను అడిగినదానికంటే ఎక్కువే మన కురుమలు చేస్తూ వచ్చారు. ఇవాళ ఆ ఉన్ని కొనేవాళ్లు లేక కత్తిరించినచోటే పారేస్తున్న ఊళ్లున్నాయి.

లూయిస్‌లో ఆదివారం మగ్గం తొక్కరు. అది ఇంకా గట్టి ఆచారమే. మిగతా ఆరు రోజులూ నడిచే హాటర్స్‌లీలకు విడిభాగాలు దొరకడమే ఇప్పుడు కష్టం, ఆ కంపెనీ మగ్గాలు చేయడం ఎప్పుడో మానేసింది. నేసేవాళ్లు పోయిన షెడ్లలో తుప్పుపట్టిన మగ్గాల్ని విప్పి, పనికొచ్చే పళ్లచక్రాలు ఏరి తెచ్చుకుంటున్నారు.