పాతిన తుపాకి – కోసిన తుపాకి: మొజాంబిక్ ‘ఆయుధ సింహాసనం’పై విమర్శ

మొజాంబిక్ శిల్పి కెస్టర్ 2001లో తుపాకి ముక్కలను అతికి రూపొందించిన ‘ఆయుధ సింహాసనం’ ప్రస్తుతం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దీన్ని శాంతికి చిహ్నంగా వ్యాఖ్యానించడం పరిపాటి అయింది. ఆ వ్యాఖ్యానం తప్పు కాదు గాని, అసంపూర్ణం.

1977లో మొదలైన అంతర్యుద్ధం 1992లో రోమ్ ఒప్పందంతో ముగిసింది. ఐక్యరాజ్యసమితి శాంతి పర్యవేక్షణలో లక్షకు పైగా ఆయుధాలు సేకరించినా, వాటిలో అధిక భాగం ధ్వంసం కాలేదు. అప్పగించనివి నేలలోనే మిగిలాయి. విరాటపర్వంలో పాండవులు జమ్మిచెట్టుపై ఆయుధాలు దాచింది వదులుకోవడానికి కాదు, తిరిగి తీసుకోవడానికి. మొజాంబిక్‌లో పాతిపెట్టిన కలాష్నికోవ్‌ల స్వభావమూ అదే. అయితే పాండవుల ఆయుధాలు పాండవులకే దక్కాయి. ఇక్కడ పాతినవాడొకడు, తవ్వుకొన్నవాడు మరొకడు. ఆ తుపాకులు సరిహద్దు దాటి దక్షిణాఫ్రికా నేరముఠాలకు చేరడంతో, 1995 నుండి ఉభయదేశాల పోలీసులు ‘ఆపరేషన్ రేచల్’ పేరిట నిల్వలను వెతికి పేల్చివేయవలసి వచ్చింది.

అదే ఏడాది బిషప్ దినిస్ సెంగులానే చొరవతో మొజాంబిక్ క్రైస్తవ మండలి మరో మార్గం పట్టింది: తుపాకి ఇస్తే సైకిలో, కుట్టుమిషనో, పారో ఇచ్చే పథకం. సింహాసనానికి ముడిసరుకు అక్కడిదే. సోవియట్ యూనియన్, పోర్చుగల్, తూర్పు ఐరోపా, ఉత్తర కొరియా తుపాకుల భాగాలు అందులో ఉన్నాయి. మొజాంబిక్‌లో తయారైనది ఒక్కటీ లేదు. ఆయుధ వ్యాపారపు భూగోళాన్ని ఒక్క కుర్చీలో ఇమిడ్చిన ఈ నేర్పు నివేదికలకు అలవికానిది. వెన్నుభాగం పైనున్న మడమల్లో నవ్వుముఖాల్లా కనిపించే గుర్తులు శిల్పి చెక్కినవి కావు, వాడిన తుపాకికి మిగిలినవే.

కాని సింహాసనంలో కుట్టుమిషను కనిపించదు. తుపాకి అప్పగించిన మనిషికి అందుకు ప్రతిగా ఏం దక్కింది, పక్కింటివాడు కూడా అప్పగిస్తాడన్న నమ్మకం అతనికెలా కలిగింది అన్నవి యుద్ధానంతర భద్రతకు కీలకమైన ప్రశ్నలు. లోహంపైనే దృష్టి నిలిపిన విమర్శ వీటిని దాటిపోయింది. కోసిన తుపాకి మళ్లీ పేలదు; భయం మాత్రం కోతకు లొంగదు.

అందుకే ఈ శిల్పాన్ని ఆ దేశ పతాకంతో కలిపి చదవాలి. 1983 నాటి ఆ పతాకంలో పుస్తకంపై పార, కలాష్నికోవ్ ఒకదాన్నొకటి ఖండిస్తూ ఉంటాయి. పథకంలో తుపాకికి మారుగా పార వస్తుంది. పతాకంలో తుపాకికి తోడుగా పార ఉంటుంది. 2005లో కొత్త పతాకం కోసం పోటీ నిర్వహించారు. మార్పు అమలు కాలేదు.