కోటగోడ బయటి బిడారం

కథల్లో మా బొమ్మ ఎలా గీశారని అడిగాం. సినిమాల్లో అడిగాం. పాఠ్యపుస్తకాల్లో అడిగాం. ఆటల్ని మాత్రం పిల్లల వ్యవహారమని వదిలేశాం. ఆ పిల్లలు ఇవాళ గులేబకావళి కథ చూడటం లేదు. రొళ్లలోనైనా హిందూపురంలోనైనా ఒక కంప్యూటరు దొరికితే చాలు, రాత్రంతా స్కైరిమ్ అనే మంచుదేశంలో తిరుగుతున్నారు. 2011 నవంబరు 11న అమెరికాలోని బెథెస్డా సంస్థ విడుదల చేసిన ఈ ఆట 2023 నాటికి 6 కోట్ల ప్రతులు దాటింది. అంతమంది బుర్రల్లోకి పోయే కథని విమర్శకులు చదవకపోతే ఇంకెవరు చదవాలి?

ఈ ఆటలో గీసిపెట్టిన దారి లేదు. కొండ ఎక్కొచ్చు, గుహలో దూరొచ్చు, రాజ్యం గొడవ వదిలేసి పువ్వులు కోసుకుంటూ కాలం గడపొచ్చు. ఇది మనకేమీ కొత్త కాదు. లక్నో నవల్ కిశోర్ ప్రెస్ 46 సంపుటాలుగా అచ్చేసిన అమీర్ హంజా దాస్తాన్‌లో తిలిస్మాలకు అంతుండదు. అమర్ అయ్యార్ భుజాన వేలాడే జంబీల్ సంచిలో లోకమంతా పడుతుంది. స్కైరిమ్ వీరుడి సంచి మొదట్లో 300 బరువుకే నిండిపోతుంది, పాపం.

ఆట మొదలవుతూనే మీదే జాతి అని అడుగుతుంది. పది జాతులు. అసలు సంగతి ఇక్కడుంది.

ఖజీత్‌లని ఒక జాతి. పిల్లి మొహాలు, ఎడారి దేశం, బిడారాలతో తిరిగి సరుకులమ్మే బతుకు. వీళ్లని ఏ పట్టణం గేటులోపలికీ రానివ్వరు. గోడ బయట గుడారాలు వేసుకుని, మంచులో కూర్చుని అమ్ముకుంటారు. దొంగలు, మత్తుమందు వ్యాపారులు అని ఊళ్లో పేరు. విండ్‌హెల్మ్ అనే పట్టణంలో, అగ్నిపర్వతం బద్దలై కాందిశీకులుగా వచ్చిన నల్ల ఎల్ఫులకి ఒక మురికివాడ కేటాయించారు. బల్లి రూపం ఆర్గోనియన్లకి అదీ లేదు, ఓడరేవు దగ్గర పడి ఉండాలి. మీరు ఆ పట్టణంలో అడుగు పెట్టగానే కనపడే దృశ్యం: ఇద్దరు మొగాళ్లు ఒక నల్ల ఎల్ఫు ఆడమనిషిని నిలబెట్టి, మా యుద్ధంలో మీరెందుకు కలవరు, మీరు శత్రువు గూఢచారులేనా అని దబాయిస్తుంటారు. ఈ ప్రశ్న మాకు తెలుసు. క్రికెట్ మ్యాచ్ అయిన ప్రతిసారీ వింటున్నదే. అమెరికాలో కూర్చున్న రచయితలు దాన్ని ఇంత సూటిగా పట్టుకున్నందుకు మెచ్చుకోవాల్సిందే. వెలివాడని దాచకుండా చూపించారు.

చూపించారు, అంతే. మా తగువు దాంతోనే.

మీరే ఖజీత్ జాతి ఎంచుకుని ఆడండి. ఏ గేటూ మిమ్మల్ని ఆపదు. అంగళ్లలో ధర పెరగదు, ఇల్లు కొనుక్కోవచ్చు, కోటలో కొలువు కూడా దొరుకుతుంది. కావలివాళ్ల నోట ఒకటి రెండు మాటలు మారతాయేమో! మీ సాటి ఖజీత్‌లు మాత్రం గోడ బయటే. అంటే వెలివేత ఆ లోకంలో గోడకి వేసిన బొమ్మలాంటిది, ఆటగాడి ఒంటికి తగలదు. వీరుడు కాబట్టి లోపలికి రానిచ్చారంటారా? మంచి సాయిబుకి అద్దె ఇల్లు దొరుకుతుందన్నట్టుంది. ఇంకా దారుణం, గోడని కదిలించే వీలే లేదు. డ్రాగన్లని కూల్చిన వాడు ఆ మూడు బిడారాల్లో ఒక్కదాన్నీ ఊళ్లోకి తీసుకురాలేడు. యుద్ధంలో ఒక పక్షం గెలిస్తే విండ్‌హెల్మ్‌కి నల్ల ఎల్ఫుల మేలు కోరే ప్రభువు వస్తాడు. వాడ మాత్రం అదే వాడ, అదే మసి.

రొళ్ల దాటితే కర్ణాటకే. ఆ రాష్ట్రంలోనే 2022 మార్చిలో, ఉడుపి జిల్లా కాపు మారిగుడి జాతరలో ముస్లిం వ్యాపారులకి అంగడి పెట్టుకునే చోటివ్వలేదు. ఏళ్ల తరబడి అదే జాతరలో అమ్ముకున్నవాళ్లు వాళ్లు. జాతరకీ సంతకీ సరుకెత్తుకుని తిరిగే మావాళ్లకి ఖజీత్‌ల గుడారం కాల్పనికం ఎలా అవుతుంది?

జాతికో నేర్పు అంటగట్టడం ఇంకో తప్పు. ఖజీత్ పుట్టుకతోనే చప్పుడు కాకుండా నక్కడంలో 10 పాళ్లు ఎక్కువ, తాళాలు తీయడంలో 5, జేబులు కొట్టడంలో 5. విలువిద్యా ఇచ్చాం కదా అనొచ్చు. దొంగ అన్న నింద ఊళ్లోవాళ్ల దురభిప్రాయమని ఒక పక్క చెప్తూ, ఇంకో పక్క లెక్కల్లో దాన్నే నిజం చేశారు. 1871 నేరస్త తెగల చట్టం చేసిందీ అదే పని. స్టూవర్టుపురం ఎరుకల వాళ్లనడిగితే తెలుస్తుంది పుట్టుకకి అంకె వేస్తే ఏమవుతుందో. నేర్పుని జాతి నుంచి తీసి పెరిగిన ఊరికీ చేసిన పనికీ కట్టండి. సరుకులమ్మే ఇంట పెరిగిన వాడికి బేరం వస్తుంది, అది ఖజీత్‌కీ వస్తుంది, నార్డ్‌కీ వస్తుంది. మాట తీరు సంగతీ చూడాలి. ఖజీత్ తనని తాను 'నేను' అనుకోడు, మూడో మనిషి గురించి చెప్పినట్టు చెప్పుకుంటాడు. తెలుగు సినిమాలో సాయిబు వచ్చిందే తడవు 'నిమ్మళ్కి, నమ్మళ్కి' అన్నట్టు. రొళ్లలో సాయిబు ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడతాడు. మూడూ శుభ్రంగా మాట్లాడతాడు.

అన్నిటికన్నా మమ్మల్ని కలతపెట్టింది సాదియా కథ. హామర్‌ఫెల్ ఎడారి దేశం నుంచి పారిపోయి వచ్చి వైట్‌రన్ పట్టణంలో పూటకూళ్ల ఇంట్లో పనిచేసే ఆడమనిషి. అసలు పేరు ఈమాన్. ఈమాన్ అంటే విశ్వాసం. పేరు దాచుకుంటేనే బతుకు! ఆమె దేశం నుంచే వచ్చిన తలపాగాల వాళ్లు ఆమెని వెతుకుతుంటారు. ఈమె శత్రువులకి నగరాన్ని అమ్మేసిన ద్రోహి అని వాళ్ల నాయకుడు కెమాటు అంటాడు. శత్రువుల్ని ఎదిరించి మాట్లాడినందుకే తరుముతున్నారని ఆమె అంటుంది. ఎవరు నిజమో ఆట చివరిదాకా చెప్పదు. సందిగ్ధం బాగుందని మెచ్చుకునేవాళ్లున్నారు. మేం ఒప్పుకోం. ఇక్కడ సాక్షి లేడు, కాగితం లేదు, వాళ్ల దేశం వెళ్లి కనుక్కునే దారి లేదు. ముక్కూమొహం తెలియని ఆటగాడు నిమిషంలో ద్రోహం తేల్చేస్తాడు, బంగారం పుచ్చుకుంటాడు. విచారణ కల్పించమంటున్నాం. ఊరి పెద్ద ముందు ఇద్దరినీ నిలబెట్టండి. ఆమె పక్షాన మాట్లాడే ఒక్క మనిషినైనా పెట్టండి.

కలిసి బతికే ఊరు ఒక్కటైనా ఈ లోకంలో ఉండాలి. దానికి నమూనా కావాలంటే పెనుకొండ రండి. పంటిపుల్ల ఎక్కడ చిగురిస్తే అక్కడ ఆగమని గురువు చెప్తే బాబా ఫక్రుద్దీన్ ఇక్కడ ఆగాడని జనం చెప్పుకుంటారు. ఏ ఆటలోనైనా ఇంతకన్నా మంచి అన్వేషణ ఉందా? ఆ దర్గాకి మొక్కులు తెచ్చేవాళ్లలో సగం మందికి కల్మా రాదు. గూగూడు కుళ్లాయిస్వామి పీర్లని ఎత్తుకునేదెవరో అనంతపురం వాళ్లని అడగండి. జాతులన్నీ కలిసి చేసుకునే ఒక పండగ పెట్టి, ఆ రోజు గేట్లు తెరిపించే పని ఆటగాడికి అప్పజెప్పొచ్చు. తెరిచాక మళ్లీ మూయాలనేవాళ్లూ ఉంటారు, వాళ్లతో వాదించడమూ ఆటలో భాగమే కావాలి.

బెథెస్డా వింటుందని మేం ఎదురుచూడటం లేదు. ఆటని మార్చుకునే పనిముట్టుని ఆ సంస్థే 2012 ఫిబ్రవరిలో ఉచితంగా ఇచ్చింది. హిందూపురంలో కంప్యూటరు చదువుతున్న మన పిల్లలు దాన్ని దించుకోవచ్చు. ముందు విండ్‌హెల్మ్ గేటు దగ్గర ఆ ఆడమనిషిని నిలబెట్టిన దృశ్యం పట్టుకోండి. ఆటగాడూ నల్ల ఎల్ఫే అయినప్పుడు, ఆ ఇద్దరూ అతన్ని కూడా ఆపి అదే ప్రశ్న వెయ్యాలి. జవాబులు నాలుగైనా ఉండాలి, అందులో ఒకటి జవాబు చెప్పనని నడిచిపోవడం.